ముందు తాళంచెవి చేతికివ్వండి: నిరాశ్రయుల సేవలు నడిపేవారికి బహిరంగ లేఖ

నగరపాలక అధికారులకు, ఆసుపత్రుల, జైళ్ల నిర్వాహకులకు, గృహనిర్మాణ, సంక్షేమ శాఖల వారికి, నైట్ షెల్టర్లు నడుపుతున్న స్వచ్ఛంద సంస్థల మిత్రులకు,

నమస్కారం.

ఇల్లు లేక వీధుల్లో బతుకుతున్నవాళ్లకు తోడుగా ఆఫీసులకు, ఆసుపత్రులకు వెళ్లడం నా పని. ఆ పని మీద మీ అందరి గడపలూ తొక్కాను. మీలో చాలామంది ఓపికగా వింటారు, చేతనైనంత చేస్తారు. అది చూశాను కాబట్టి ఏ ఒక్కరి మీదా ఫిర్యాదుగా ఈ లేఖ రాయడం లేదు. మీ అందరికీ కలిపి ఒక మాట చెప్పాలి. ఎవరి పని వారు చేస్తున్నారు గానీ, ఆ పనులన్నిటినీ ఒకచోటికి చేర్చే బాధ్యత మీలో ఎవరూ తీసుకోలేదు. అది ఇల్లు లేని మనిషి నెత్తిన పడింది. కంటి నిండా నిద్ర లేని మనిషి, ఫోన్ ఉంటే ఛార్జింగ్ లేని మనిషి, జబ్బుతోనో భయంతోనో తల్లడిల్లుతున్న మనిషి ఐదారు శాఖల టైములు, ఫామ్‌లు, నిబంధనలు గుర్తుపెట్టుకుని వాటి మధ్య తిరగాల్సి వస్తోంది. ఆ తిరుగుడులోనే చాలామంది మనకు కనిపించకుండా పోతున్నారు.

ఎలా పోతారో ఒకరి సంగతి చెబుతాను. ఆయనకు షుగర్, కాలి మీద మానని పుండు. ఇన్సులిన్ చల్లగా ఉంచుకోవాలి, షెల్టర్‌లో అందుకు వీల్లేదు. పుండుకు డ్రెస్సింగ్ చేయించుకోవాల్సిన వేళ, రాత్రి మంచం కోసం క్యూ కట్టాల్సిన వేళ ఒకటే. క్యూ వదిలి వెళితే ఆ రాత్రి బయట పడుకోవాలి. క్యూలో ఉంటే డ్రెస్సింగ్ పోతుంది. ఆయన ఒకరోజు అటు, ఒకరోజు ఇటు వెళ్లారు. ఆసుపత్రి కాగితంలో "చికిత్సకు సహకరించడం లేదు" అని రాశారు. షెల్టర్ రిజిస్టర్‌లో "క్రమంగా రావడం లేదు" అని ఉంది. పెన్షన్ దరఖాస్తు "చిరునామా రుజువు లేదు" అని వెనక్కి వచ్చింది. ఎవరి లెక్కలో వారు రాసింది సరైనదే. ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివినవారు మాత్రం ఒక్కరూ లేరు. పుండు ముదిరి చివరికి అంబులెన్స్‌లో వెళ్లారు. డాక్టర్లు మంచి వైద్యమే చేశారు. తర్వాత డిశ్చార్జ్ కాగితం మీద కాలు ఎత్తులో పెట్టుకోవాలని, గాయం తడవకుండా చూసుకోవాలని, పూర్తి విశ్రాంతి కావాలని రాసి, ఆయన్ని మళ్లీ ఫుట్‌పాత్ మీదికే పంపారు.

ఇలాంటి బతుకు ఆయుష్షును తినేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021లో చనిపోయిన నిరాశ్రయుల సగటు వయసు పురుషుల్లో 45 ఏళ్లు, స్త్రీలలో 43 ఏళ్లు అని అక్కడి ప్రభుత్వ గణాంక కార్యాలయం లెక్కగట్టింది. రోగి దగ్గర డబ్బు అడగని ప్రభుత్వ ఆసుపత్రులున్న చోట పరిస్థితి ఇది. అంటే వైద్యం ఉంటే చాలదు. ఆ వైద్యం నిలబడడానికి ఒక గది, ఒక తలుపు, ఒక చిరునామా కావాలి.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఒకప్పుడు, ఇల్లు లేని మాజీ సైనికుడొకరు వీధి నుంచి స్థిరమైన ఇంటికి చేరాలంటే 76 అంచెలు దాటాల్సి వచ్చేది. అందుకు 720 రోజులు పట్టేది. దాదాపు రెండేళ్లు! ఆ 76 అంచెల్లో ఏ ఒక్కటీ ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టినది కాకపోవచ్చు. ఒకచోట గుర్తింపు కార్డు, ఒకచోట ఆదాయ పత్రం, ఇంకొకచోట వైద్య ధ్రువీకరణ, మరోచోట ఇంటి తనిఖీ. ఎవరి జాగ్రత్త వారిది. అన్నీ కలిసేసరికి అది ఎవరూ దాటలేని గోడ అయింది. 2012 నుంచి అక్కడి మేయర్ ఎనీస్ పార్కర్ చొరవతో నగరం, కౌంటీ (మన జిల్లా లాంటిది), స్వచ్ఛంద సంస్థలు "ద వే హోమ్" పేరుతో ఒకే వ్యవస్థగా పనిచేయడం మొదలుపెట్టాయి. వందకు పైగా సంస్థలు అందులో చేరాయి. ఒకరి దగ్గర అద్దె డబ్బు, ఒకరి దగ్గర ఒక్కో మనిషి వెంట ఉండి సాయం చేసే కేస్ వర్కర్లు, ఒకరి దగ్గర ఇంటి ఓనర్లతో పరిచయాలు ఉండేవి. వాటిని జతచేశారు. పదేళ్లు తిరిగేసరికి ఆ ఎదురుచూపు 32 రోజులకు దిగింది. 25 వేల మందికి పైగా ఇళ్లలోకి చేరారు. 2011తో పోలిస్తే ఆ ప్రాంతంలో నిరాశ్రయుల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. హ్యూస్టన్‌లో అద్దె ఇళ్లు చాలా పెద్ద నగరాల కంటే తేలిగ్గా దొరుకుతాయన్నది నిజమే. కానీ 2012కు ముందు కూడా ఆ నగరంలో అద్దె ఇళ్లు ఉన్నాయి. అప్పుడు లేనిది ఈ కలిసి చేసే పని.

కాబట్టి మీ అందరినీ నేను ముందుగా అడిగేది ఒక జాబితా. ఎంతమంది నిరాశ్రయులున్నారో చెప్పే అంకె కాదు, పేర్ల జాబితా. ఏటా ఒక రాత్రి లెక్కపెట్టి ప్రకటించే సంఖ్యతో రేపు పొద్దున ఎవరి కోసం ఏం చేయాలో తెలియదు. పేరు, ఎక్కడ పడుకుంటున్నారు, ఏ జబ్బులున్నాయి, ఏ కాగితాలున్నాయి, ఏవి లేవు, ఇప్పుడు వారి బాధ్యత ఎవరిది అన్న వివరాలతో ఒకే జాబితా ఉండాలి. ఆసుపత్రి సోషల్ వర్కర్ అయినా, షెల్టర్ మేనేజర్ అయినా, రాత్రిపూట వీధుల్లో తిరిగే మాలాంటివాళ్లయినా దానినే చూడాలి, దానిలోనే రాయాలి. కొత్తగా వీధిన పడినవారి పేరు చేరాలి, ఇల్లు దొరికినవారి పేరు తీసేయాలి, మళ్లీ రోడ్డున పడితే ఎందుకు పడ్డారో రాయాలి. అమెరికాలో రోజాన్ హాగర్టీ మొదలుపెట్టిన "కమ్యూనిటీ సొల్యూషన్స్" సంస్థ అనేక ఊళ్లతో ఇదే పద్ధతిలో పనిచేయిస్తోంది. ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ ఈ దారిలోనే మాజీ సైనికుల విషయంలోనూ, ఏళ్ల తరబడి వీధుల్లోనే ఉండిపోయినవారి విషయంలోనూ, ఇల్లు లేనివారు దాదాపు ఉండకూడదన్న లక్ష్యాన్ని అందుకుంది. ఒక్కరు కూడా ఎప్పటికీ ఇల్లు కోల్పోరని దాని అర్థం కాదు. కోల్పోయినవారిని వెంటనే గుర్తించి, త్వరగా మళ్లీ ఇంటికి చేర్చే సత్తా ఆ ఊరికి వచ్చిందని.

ఈ జాబితా గురించి రెండు భయాలున్నాయి, రెండూ న్యాయమైనవే. ఒకటి, ఇందులోని వివరాలు ఎవరి చేతుల్లో పడతాయి? వీధిలో ఉన్నవాళ్లకు పోలీసులతో, ఖాళీ చేయించే సిబ్బందితో చేదు అనుభవం ఉంది. పేరు చెబితే ఏమవుతుందోనని వెనకాడతారు. మనిషి అనుమతి లేకుండా ఒక్క వివరం కూడా ఎక్కకూడదు. ఎక్కిన వివరం సేవల కోసం తప్ప ఇంకెందుకూ వాడకూడదు. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు పేరు తీయించుకునే హక్కుండాలి. ఈ హామీని మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి. అది లేకుండా మేం ఎవరినీ పేరు చెప్పమని అడగలేం.

రెండోది, ఇళ్లు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్నప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలి? ఇప్పటివరకు జరుగుతున్నది ఎవరు గట్టిగా అడిగితే, ఎవరికి ముందు తెలిస్తే, ఎవరిని చూస్తే మనకు తేలికనిపిస్తే వారికి ఇవ్వడం. దాంతో అందరికన్నా ప్రమాదంలో ఉన్నవారు ఎప్పుడూ వెనకే ఉండిపోతారు. అలా జరగకూడదని కొన్ని దేశాల్లో ప్రశ్నలు వేసి మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. అమెరికాలో, కెనడాలో "వీఐ-ఎస్‌పీడాట్" అనే ప్రశ్నావళి చాలా చోట్ల వాడారు. అపరిచితుడు ఎదురుగా కూర్చుని నీకు మానసిక జబ్బుందా, డ్రగ్స్ తీసుకుంటావా, నీ మీద ఎవరైనా అత్యాచారం చేశారా అని అడిగితే ఎంతమంది నిజం చెబుతారు? చెప్పనివారికి మార్కులు తగ్గుతాయి, ఇల్లు దూరమవుతుంది. నల్లజాతివారికి ఈ పద్ధతిలో అన్యాయం జరుగుతోందని పరిశోధకులు చూపించారు. దాన్ని తయారుచేసినవారే 2020లో ఇక దాన్ని క్రమంగా పక్కన పెట్టాలని ప్రకటించారు. అందుకే మార్కులను మాత్రమే నమ్ముకోవద్దని కోరుతున్నాను. ఆ మనిషిని నెలల తరబడి చూస్తున్నవారి మాట, ఆసుపత్రి రికార్డు, వయసు, వీధిలో ఎంతకాలంగా ఉన్నారన్నది, ఇవన్నీ ముందు పెట్టుకుని కొందరు కలిసి కూర్చుని నిర్ణయించాలి. ఎందుకలా నిర్ణయించారో అడిగినవారికి చెప్పగలగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జాబితా ఎంత బాగున్నా, దాని చివర ఇల్లు లేకపోతే అది ఇంకో క్యూ మాత్రమే.

ఇన్నాళ్లూ మన పద్ధతి మెట్ల పద్ధతి. ముందు షెల్టర్‌కు రావాలి, తాగుడు మానాలి, మందులు వేసుకోవాలి, నడవడిక బాగుందనిపించుకోవాలి, ఆ తర్వాత ఇంకో హాస్టల్, అక్కడా నెగ్గితే అప్పుడు ఇల్లు. ఒక్క మెట్టు మీద కాలు జారినా మళ్లీ కింద నుంచే. దీని వెనుక ఉన్న ఆలోచన నాకు అర్థమవుతుంది: తయారుగా లేని మనిషికి ఇల్లిస్తే నిలబెట్టుకోలేడేమోనని. కానీ వీధిలో ఉంటూ తయారవడం ఎలా? చీకటి పడితే నిద్రపోవడానికి భయపడే ఆడమనిషి, ఆ భయం ఆపుకోవడానికి తాగితే, తాగుడు మానేదాకా తలుపు తీయం అంటున్నాం. రాత్రంతా మెలకువగా ఉండి చెప్పులు, సంచి కాపాడుకునే మనిషిని పొద్దున తొమ్మిదింటికి కౌన్సెలింగ్‌కు రాలేదని జాబితాలోంచి తీసేస్తున్నాం.

న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1992లో "పాత్‌వేస్ టు హౌసింగ్" సంస్థ పెట్టి దీన్ని తిరగేశారు. తీవ్రమైన మానసిక జబ్బుతో, చాలామంది మత్తు అలవాటుతో కూడా వీధుల్లో ఉన్నవారికి నేరుగా మామూలు అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు ఇచ్చారు. మందులు వేసుకోవాలని, మత్తు మానాలని షరతు లేదు. తమ ఆదాయంలో 30 శాతం అద్దెగా కట్టాలి, కేస్ వర్కర్‌ను ఇంటికి రానివ్వాలి, అంతే. ఇలాంటివాళ్లు ఇంట్లో నిలవరన్నవారికి జవాబు 2000లో అచ్చయిన పరిశీలనలో దొరికింది. ఐదేళ్ల తర్వాత ఈ పద్ధతిలో ఇల్లు పొందినవారిలో 88 శాతం మంది ఇంకా ఇంట్లోనే ఉన్నారు. నగరంలోని మెట్ల పద్ధతి కేంద్రాల్లో ఉన్నవారిలో అది 47 శాతం.

ఒక్క ఊరి లెక్క నమ్మలేమనుకుంటే కెనడా చూడండి. 2009లో అక్కడ ఐదు నగరాల్లో, వాంకూవర్, విన్నిపెగ్, టొరంటో, మాంట్రియల్, మాంక్టన్‌లలో, రెండు వేల మందికి పైగా నిరాశ్రయులతో పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. మందుల్ని పరీక్షించినట్టే లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విభజించారు. ఒక గుంపుకు షరతు లేకుండా ఇల్లు, తోడ్పాటు. రెండో గుంపుకు ఊళ్లో అప్పటికే ఉన్న సేవలు. చివరి ఆరు నెలల్లో మొదటి గుంపులో 62 శాతం మంది ఒక్కరోజు కూడా ఇల్లు వదలకుండా ఉన్నారు. రెండో గుంపులో 31 శాతం. పూర్తిగా ఇల్లు లేకుండానే ఉండిపోయినవారు మొదటి గుంపులో 16 శాతం, రెండో గుంపులో 46 శాతం.

దీని పరిమితులు కూడా చెప్పడం నా బాధ్యత. ఇల్లు ఇస్తే మానసిక జబ్బు తగ్గిపోదు, తాగుడు దానంతట అది పోదు. కెనడా అధ్యయనంలో జబ్బు లక్షణాలు, మత్తు వాడకం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. అమెరికాలోని జాతీయ శాస్త్ర, వైద్య అకాడమీలు 2018లో ఇచ్చిన నివేదిక కూడా, తోడ్పాటుతో కూడిన ఇళ్లు మనుషుల్ని వీధి నుంచి బయటపడేస్తున్నా, వారి ఆరోగ్యాన్ని బాగుచేస్తున్నాయనడానికి గట్టి ఆధారాలు చాలవని, హెచ్ఐవీ ఉన్నవారి విషయంలో మాత్రం ఉన్నాయని చెప్పింది. ఇది చదివి "అయితే ఎందుకు?" అనేవారుంటారు. ఇల్లు ఉండటానికి ఇంకో కారణం చూపించాల్సిన అవసరం మీకు, నాకు ఎప్పుడూ రాలేదు. షుగర్ తగ్గిందా లేదా అని చూసి మన ఇంటి తాళం మన చేతికివ్వలేదు ఎవరూ. వీధిలో ఉన్న మనిషి విషయంలో కూడా ఇంట్లో ఉండటం అన్నదే ఫలితం. ఆరోగ్యం బాగుపడాలంటే దానికి వేరే పని చేయాలి, ఇల్లు ఉంటే ఆ పని మొదలుపెట్టవచ్చు.

అందుకే తోడ్పాటు గురించి కాస్త వివరంగా రాయాలి. తాళంచెవి ఇచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోయిన పథకాలు చాలా ఉన్నాయి. కొన్నాళ్లకు ఆ ఇల్లు ఖాళీ అవుతుంది, "చూశారా, వాళ్లకు ఇల్లు అక్కర్లేదు" అంటారు. ఇల్లు దొరికిన తొలి వారాలు చాలామందికి సంతోషంగా ఉండవు, ఈ సంగతి బయటివారికి తెలియదు. ఏళ్ల తరబడి చుట్టూ మనుషుల అలికిడి మధ్య పడుకున్న మనిషికి నాలుగు గోడల నిశ్శబ్దం భరించడం కష్టం. మంచం మీద కాకుండా తలుపు దగ్గర నేల మీద పడుకుంటారు. కొందరు రాత్రిళ్లు లేచి పాత చోటికే వెళ్లిపోతారు, అక్కడ తెలిసినవాళ్లున్నారు కాబట్టి. అప్పుడు కేస్ వర్కర్ వెళ్లి కోప్పడకుండా పక్కన కూర్చుని, పొద్దున్నే మళ్లీ ఇంటికి తోడు రావాలి. ఇది ఏ ఫామ్‌లోనూ రాయడానికి గడి ఉండదు. ఇల్లు నిలిచేది మాత్రం దీని వల్లే.

తర్వాత వచ్చే చిక్కులు ఇంకోలా ఉంటాయి. వీధిలో కలిసి బతికిన స్నేహితుణ్ని వానలో బయట ఉంచి తలుపు వేసుకోవడం ఎవరికైనా కష్టమే. లోపలికి రమ్మంటారు. ఒకరు ముగ్గురవుతారు, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. కొన్నిసార్లు బలవంతులు వచ్చి ఇల్లు తమ చేతుల్లోకి తీసుకుని, అసలు మనిషిని మూలకు తోసేస్తారు. ఒంటరి ఆడవాళ్లకు, మతి స్థిమితం తక్కువైనవారికి ఇది పెద్ద ప్రమాదం. అద్దె కట్టాల్సిన రోజు, కరెంటు బిల్లు, గ్యాస్ పొయ్యి వెలిగించడం, చెత్త ఎక్కడ వేయాలన్నది, ఓనర్‌తో మాట్లాడే తీరు, ఏవీ చిన్న విషయాలు కావు. ఓనర్‌కు కూడా ఏదైనా జరిగితే వెంటనే ఫోన్ ఎత్తే మనిషి ఒకరుండాలి. ఆ ఫోన్ ఎత్తేవాళ్లున్నారన్న నమ్మకం ఉంటే ఇంకో ఇల్లు కూడా ఇవ్వడానికి ముందుకొస్తారు, లేకపోతే ఆ వీధిలో ఇంకెవరూ ఇవ్వరు.

ఈ పని ఒక్కో కేస్ వర్కర్‌కు వంద మందిని అప్పగిస్తే జరగదు. తీవ్ర మానసిక జబ్బున్నవారి కోసం నడిచే బృందాల్లో పది మందికి ఒక వర్కర్ అన్నది ఎప్పటినుంచో ఉన్న లెక్క. ఆ బృందంలో సైకియాట్రిస్టు, నర్సు, ఒకప్పుడు తామే వీధిలో ఉన్నవారు ఉంటారు. మిగతావారికి అంత అక్కర్లేకపోవచ్చు. షెల్టర్ నుంచి, ఆసుపత్రి నుంచి ఇంటికి మారే తొలి తొమ్మిది నెలలు గట్టిగా వెంట ఉండి, క్రమంగా తగ్గించుకుంటూ, ఆ లోపు ఇరుగుపొరుగుతో, ఆసుపత్రితో, బంధువులుంటే వారితో సంబంధం కుదిర్చే పద్ధతి ఒకటుంది. న్యూయార్క్‌లో ఒక షెల్టర్ నుంచి బయటికొచ్చిన మానసిక రోగుల మీద దీన్ని పరీక్షించి 1997లో ఫలితాలు ప్రచురించారు. 18 నెలల్లో ఈ తోడ్పాటు పొందినవారు సగటున 30 రాత్రులు ఇల్లు లేకుండా గడిపితే, పొందనివారు 91 రాత్రులు గడిపారు. ఇంకో మాట, తోడ్పాటు వద్దన్నవారి ఇల్లు లాక్కోకూడదు. అద్దె ఒప్పందం వేరు, వైద్యం వేరు. మందులు మానేశారని ఇల్లు ఖాళీ చేయిస్తే మళ్లీ పాత మెట్ల పద్ధతికే వచ్చినట్టు.

షెల్టర్లు నడిపే మిత్రులతో కొంచెం విడిగా మాట్లాడాలి. మీరు లేకపోతే చలిలో, వానలో ఎంతమంది చనిపోయేవారో నాకు తెలుసు. అయినా మంచాల సంఖ్య పెంచడమే లక్ష్యంగా పెట్టుకోవద్దని అడుగుతున్నాను. భార్యాభర్తలను విడదీసే షెల్టర్‌కు, పెంపుడు కుక్కను బయట వదలమనే షెల్టర్‌కు, ఒక్క సంచికి మించి తేవద్దనే షెల్టర్‌కు చాలామంది రారు. ఆ భార్య, ఆ కుక్క, ఆ మూటలు తప్ప వారికి లోకంలో ఏమీ మిగల్లేదు. ఫిన్లాండ్‌లో 2008 నుంచి ప్రభుత్వం, నగరాలు, వై-ఫౌండేషన్ లాంటి సంస్థలు కలిసి షెల్టర్లనే ఇళ్లుగా మార్చాయి. హెల్సింకిలో సాల్వేషన్ ఆర్మీ వారి పెద్ద షెల్టర్ విడి ఫ్లాట్ల భవనమైంది, సిబ్బంది కిందే ఉంటారు, ప్రతి మనిషికీ తన పేరు మీద అద్దె ఒప్పందం, తన తాళం. ఆ దేశంలో 1980లలో 18 వేలకు పైగా ఉన్న నిరాశ్రయుల సంఖ్య 2023 నాటికి మూడున్నర వేల లోపుకు తగ్గింది. 2024లో మళ్లీ కొంత పెరిగింది. సాయం, కొత్త ఇళ్లు ఏ సంవత్సరం తగ్గిస్తే ఆ సంవత్సరమే వీధిలో తేడా కనిపిస్తుందని నేను దాన్నుంచి అర్థం చేసుకున్నాను. ఒకసారి చేసి వదిలేసే పని కాదిది.

ఇళ్లు ఎలా ఉండాలన్నదానికి ఒకటే జవాబు లేదు. ఎక్కువమంది మామూలు వీధిలో మామూలు ఇల్లే కోరుకుంటారు. ఒక్కరే ఉండలేనివారూ ఉంటారు. చెన్నైలో 1993లో మొదలైన "ది బన్యన్" సంస్థ, ఏళ్ల తరబడి మానసిక ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో ఉండిపోయినవారిని నలుగురైదుగురు చొప్పున మామూలు కాలనీల్లో అద్దె ఇళ్లలోకి మార్చింది. ఇంట్లో సాయానికి ఒక మనిషి ఉంటారు, మిగతాది వారి ఇల్లు, వారి వంట, వారి ఇష్టం. ఇక ఎప్పటికీ ఆసుపత్రి దాటలేరని రాసిపెట్టినవాళ్లు బజారుకు వెళ్లి తమ సామాను తామే కొనుక్కుంటున్నారు. ఒక్కటే అడుగుతాను. ఊరి చివర, బస్సులు రాని చోట, అందరినీ ఒకేచోట పోగేసే కాలనీ మాత్రం కట్టొద్దు. అక్కడికి పంపితే పని దొరకదు, ఆసుపత్రి దూరం, కొద్ది రోజుల్లోనే తిరిగి వచ్చేస్తారు.

ఆసుపత్రుల, జైళ్ల బాధ్యులకు: కొత్తగా వీధిన పడేవారిలో చాలామంది మీ గేటు నుంచే వస్తున్నారు. డిశ్చార్జ్ అయ్యే రోజు, విడుదలయ్యే రోజు మీకు ముందే తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో 2017 నాటి చట్టం ప్రకారం 2018 అక్టోబర్ నుంచి జైళ్లు, ఆసుపత్రుల అత్యవసర విభాగాలు, ఇన్‌పేషెంట్ వార్డులు వంటివి, తమ దగ్గరున్నవారు ఇల్లు లేకుండా పోయే ప్రమాదం ఉంటే, వారి అనుమతితో గృహ వసతి అధికారులకు తెలియజేయాలి. కబురు అందగానే ఇల్లు వచ్చేయదు, నిజమే. కానీ శుక్రవారం సాయంత్రం చేతిలో ప్లాస్టిక్ కవరుతో గేటు బయట నిలబడిన మనిషి గురించి ఎవరికీ తెలియకపోవడం, వారం ముందే ఒకరికి తెలిసి ఉండటం, ఈ రెండిటి మధ్య చాలా తేడా ఉంది. మీరు చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. వార్డులో చేరిన రోజే "ఇక్కడి నుంచి ఎక్కడికి వెళతారు?" అని అడగండి. "తెలియదు" అన్న జవాబు వస్తే ఆ రోజే ఫోన్ చేయండి.

డబ్బు సంగతి దాటవేయను. ఏళ్ల తరబడి నిరాశ్రయులుగా ఉండిపోయేవారు తక్కువమందే. న్యూయార్క్, ఫిలడెల్ఫియా షెల్టర్ల రికార్డులను పరిశీలించి డెన్నిస్ కల్హేన్ బృందం 1998లో చూపించింది అదే. షెల్టర్‌కు వచ్చేవారిలో దాదాపు పదో వంతు మంది, మొత్తం షెల్టర్ రోజుల్లో సగం వాడుకుంటున్నారు. కెనడా అధ్యయనంలో, అందరికన్నా ఎక్కువగా ఆసుపత్రులు, పోలీసు, షెల్టర్ సేవలు వాడుతున్న పదో వంతు మంది విషయంలో, ఇంటి మీద, తోడ్పాటు మీద పెట్టిన ప్రతి 10 డాలర్లకు 21 డాలర్లకు పైగా ఇతర ఖర్చు తగ్గింది. మిగతావారి విషయంలో పెట్టినంతా తిరిగి రాలేదు, కొంతే వచ్చింది. డబ్బు ఆదా అవుతుందని చెప్పి మిమ్మల్ని ఒప్పించాలని నేను చూడటం లేదు. కొందరి విషయంలో అవుతుంది, చాలామంది విషయంలో ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టమనే అడుగుతున్నాను. అసలు చిక్కేమిటంటే, ఆదా అయ్యేది ఆసుపత్రి బడ్జెట్‌లో, ఖర్చయ్యేది గృహనిర్మాణ శాఖ బడ్జెట్‌లో. అందుకే ఎవరూ ముందుకు రారు. శాఖలు తలా కొంత వేసి ఒకే నిధి పెట్టుకోకపోతే ఇది ఎప్పటికీ తెగదు.

మీ నెలవారీ నివేదికల్లో ఎన్ని భోజనాలు పెట్టారు, ఎన్ని దుప్పట్లు పంచారు, ఎన్ని మంచాలు నిండాయి అని రాస్తున్నారు. వాటితో పాటు, ఈ నెల ఎంతమంది స్థిరమైన ఇంటికి మారారు, అందుకు ఎన్ని రోజులు పట్టింది, నిరుడు ఇల్లు పొందినవారిలో ఎంతమంది ఇంకా అక్కడే ఉన్నారు అని కూడా రాయండి. దుప్పట్ల లెక్క పెరుగుతూ, ఈ లెక్క పెరగకపోతే మనం ఆగి ఆలోచించుకోవాలి.

ఇవన్నీ మాట్లాడే బల్ల దగ్గర, వీధిలో బతికి బయటపడినవారు తప్పకుండా ఉండాలి. ఓ మూల కుర్చీ వేసి, చివర్లో రెండు మాటలు చెప్పించడం కోసం కాదు. వారి సమయానికి మీ కన్సల్టెంట్లకు ఇచ్చినట్టే డబ్బివ్వాలి, నిర్ణయంలో ఓటివ్వాలి. ఏ ఫామ్ అనవసరమో, ఏ క్యూ ఏ క్యూతో తగులుకుంటుందో వారికి తెలిసినంతగా మనకెవరికీ తెలియదు.

ఈ నెలలోనే మీరంతా ఒక పూట ఒకే గదిలో కూర్చోవాలని కోరుతున్నాను. నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవారే రావాలి, రాసుకుని వెళ్లడానికి కిందివారిని పంపొద్దు. వీధి నుంచి ఇంటి దాకా మన దగ్గర ఎన్ని అంచెలున్నాయో గోడ మీద కాగితం అంటించి అందరూ చూస్తుండగా రాయండి. ఏ అంచె ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగండి. జవాబు దొరకని అంచెను అక్కడే కొట్టేయండి. గుర్తింపు కార్డు లేనివారిని తిప్పి పంపకుండా, ఇంట్లో చేరాక కార్డు తీయించే ఏర్పాటు చేయండి. జాబితాలో ప్రతి పేరు ఎదురుగా ఒక్క వర్కర్ పేరు రాయండి. ఆ మనిషి ఏ శాఖకు వెళ్లాల్సి వచ్చినా ఆ వర్కరే వెంట ఉండాలి.

గృహనిర్మాణ శాఖవారు ఖాళీగా ఉన్న ఇళ్ల, గదుల వివరాలు తీసుకురండి. ఆసుపత్రులవారు పంపడానికి చోటు లేక వార్డుల్లోనే ఉండిపోయినవారు ఎంతమందో తీసుకురండి. వీధిలో ఉన్నవారి పేర్లు, వారి అనుమతితో, మేం తెస్తాం. అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు ఎవరో ఆ పూటే తేల్చుకుని, లేచేలోపు మొదటి పది మందికి ఇళ్లు, వర్కర్లు ఖాయం చేద్దాం.

ఇట్లు,
వీధుల్లో పనిచేసే ఒక సేవా కార్యకర్త